విమానం ఎక్కేలోపు



ఈ రోజు నేను ముఖ్యంగా ఇద్దరితో మాట్లాడాలనుకుంటున్నాను. ఒకరు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, కాస్త పెద్ద వయసు బిడ్డను దత్తత తీసుకోవడానికి మన దేశం వచ్చిన తెలుగు దంపతులు. రెండోవారు, ఆ దంపతులు ఎవరింట్లో దిగారో ఆ ఇంటివాళ్లు. అమ్మమ్మలు, నాన్నమ్మలు, తాతయ్యలు, మేనత్తలు, పిన్నులు, బాబాయిలు. నిజం చెప్పాలంటే ఈ రెండోవాళ్లతోనే నాకు ఎక్కువ పని ఉంది.

దత్తత అనగానే మనకు పొత్తిళ్లలో పసిగుడ్డు మెదులుతుంది. ఎక్కువమంది కోరుకునేది కూడా రెండేళ్ల లోపు పిల్లల్నే. కానీ శిశుగృహల్లో, బాలసదనాల్లో ఆరేళ్లవాళ్లు, ఎనిమిదేళ్లవాళ్లు, పదేళ్లవాళ్లు కూడా ఒక ఇంటి కోసం ఎదురుచూస్తున్నారు. అలాంటి పిల్లల కోసం ముందుకొచ్చేవాళ్లలో ప్రవాసులూ ఉన్నారు. బిడ్డకు ఎనిమిదేళ్లు దాటితే, దంపతులిద్దరి వయసూ కలిపి 110 ఏళ్ల దాకా ఉండొచ్చని మన దత్తత నిబంధనలు చెబుతున్నాయి. అంటే యాభై దాటినవాళ్లకు కూడా దారి ఉంది.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రవాసుల దరఖాస్తులు కారా ద్వారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ ద్వారా నడుస్తాయి. విదేశీ దత్తతల కోసం 1993లో హేగ్ ఒప్పందం వచ్చింది. మన దేశం దాన్ని 2003లో ఆమోదించింది. రెండు దేశాలూ సరేనన్నాకే బిడ్డ సరిహద్దు దాటాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఇదివరకు కోర్టు ఇచ్చే దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఉత్తర్వు వచ్చాక బిడ్డకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వైద్య పరీక్షలు, వీసా. ఇవన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు. కొందరికి వారాలు పడతాయి. కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఆ వారాల గురించే నేను చెప్పదలచుకున్నది. బిడ్డ చేతికి వచ్చింది. కానీ మీ ఇంటికి ఇంకా చేరలేదు. మీరు ఉంటున్నది అత్తగారింట్లోనో, అన్నయ్యగారింట్లోనో, అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంటులోనో. సూట్‌కేసు సగం విప్పి ఉంది. రోజూ ఏదో ఒక ఆఫీసుకు ఫోను. ఈ రోజుల్ని చాలామంది ఎదురుచూపుగా గడిపేస్తారు. అసలు సంగతంతా విమానం దిగాక, మన ఇంట్లో, మన ఊళ్లో మొదలవుతుందనుకుంటారు. నేను మాత్రం అది విమానం ఎక్కకముందే మొదలవుతుందంటాను. మొదలవ్వాలంటాను. కొలంబియా లాంటి దేశాల్లో దత్తతకు వెళ్లినవాళ్లు కోర్టు తీర్పు వచ్చేదాకా వారాల తరబడి అక్కడే ఉండాలి. కొత్త ఊరు, వంటకు పరాయి గిన్నెలు, ఇంకా అలవాటు పడని బిడ్డ. అయినా చుట్టాలెవరూ లేని ఆ వారాలు వాళ్లకు ఒక విధంగా మేలే చేస్తాయి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజులు గుర్తు చేసుకోండి. మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో తెలియదు. ఆకలేస్తుంది, అడగలేదు. ఎవరి ముందు కూర్చోవాలో, ఎవరి ముందు నిలబడాలో తెలియదు. అయినా ఆమెకు పుట్టిల్లుంది. రాత్రికి అమ్మకు ఫోన్ చేసి ఏడవచ్చు. మన ఎనిమిదేళ్ల పాపకు ఆ పుట్టిల్లు కూడా లేదు. నిన్నటిదాకా తెలిసిన ఆయమ్మ లేదు. పక్క మంచం మీద పడుకునే నేస్తం లేదు. గంట కొడితే అన్నం, గంట కొడితే బడి, గంట కొడితే నిద్ర. ఆ గంట కూడా లేదు. ఉన్నట్టుండి ఇద్దరు మనుషులు. అమ్మా నాన్నా అట. పాప మంచిది, తలూపింది. తలూపడం వేరు, నమ్మడం వేరు.

ఇప్పుడు ఆ పాపను తీసుకుని మీరు అమ్మమ్మగారింటికి వెళ్లారనుకోండి. గుమ్మంలో దిష్టి తీస్తారు. ఇరవైమంది చుట్టాలు. అత్తయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. పిన్ని గోరుముద్దలు తినిపిస్తుంది. పెద్దమ్మ స్నానం చేయిస్తుంది. బాబాయి బండి మీద తిప్పి ఐస్‌క్రీం కొనిపెడతాడు. తాతయ్య చేతిలో డబ్బు పెడతాడు. అందరిదీ ప్రేమే. నేను కాదనను. కానీ రాత్రయ్యేసరికి ఆ పాప తలలో లెక్క ఏమిటి? అన్నం పెట్టింది ఒకరు. నీళ్లు పోసింది ఒకరు. పడుకోబెట్టింది ఇంకొకరు. ఇదంతా పాపకు తెలిసిన పద్ధతే. హోంలో కూడా అంతే కదా! ఒక షిఫ్టు ఆయమ్మ పెడుతుంది, ఇంకో షిఫ్టు ఆయమ్మ పడుకోబెడుతుంది. మరి అమ్మ అంటే ఎవరు? నాన్న అంటే ఏమిటి? ఆ పాపకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

అందుకే నేను చెప్పే మాట ఒక్కటే. గుర్తుపెట్టుకోండి. విమానం ఎక్కేదాకా ఆ బిడ్డకు ఏది కావాలన్నా అమ్మానాన్నల చేతి మీదుగానే అందాలి. అన్నం, నీళ్లు, స్నానం, బట్టలు, మందు, నిద్ర, ఓదార్పు. ఏదైనా సరే, అమ్మానాన్నల చేతి మీదుగానే.

మరి అమ్మమ్మకు పనేమీ లేదా? బోలెడుంది. వండండి. మీ చేతి పప్పుచారు ఆ పాపకు ఎంతో అవసరం. కానీ గిన్నె తెచ్చి మీ అమ్మాయి చేతికివ్వండి. వడ్డించేది తను. పాప వచ్చి "అమ్మమ్మా, ఆకలి" అంటే, "అమ్మనడుగు తల్లీ, పెడుతుంది" అనండి. పాప పడి మోకాలు చెక్కుకుంటే మీ ప్రాణం ఆగదు. నాకు తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం ఆగి మీ అల్లుణ్ణి కేకేయండి. అతను వచ్చి ఎత్తుకోవాలి. ఆ రక్తం తుడిచే చెయ్యి తండ్రిది కావాలి. మీరు దూరంగా ఉండడం ప్రేమ తక్కువై కాదని పాపకు ఏదో ఒకనాటికి తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం మీ అమ్మాయిని అమ్మను చేయడంలో మీరు చేయగలిగిన సాయం ఇదే.

ఇక్కడ ఒక పొరపాటు అందరం చేస్తాం. కొందరు పిల్లలు వచ్చిన గంటకే ఎవరి ఒళ్లోనైనా కూర్చుంటారు. పేరు తెలియని పక్కింటాయన చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లిపోతారు. మనం మురిసిపోతాం. ఎంత కలుపుగోలు పిల్లో అంటాం. కొంచెం ఆగి చూడండి. తన మనుషులెవరో తెలిసిన పిల్ల కొత్తవాళ్లను చూస్తే ముందు అమ్మ కొంగు వెనక్కి వెళుతుంది. అక్కణ్ణించి తొంగి చూస్తుంది. వెనక్కి వెళ్లడానికి ఒక కొంగు ఉందని తెలియని పిల్ల అందరి దగ్గరికీ ఒకేలా వెళుతుంది.

రుమేనియాలో 1989లో ప్రభుత్వం కూలిపోయాక, అక్కడి అనాథాశ్రమాల దుస్థితి లోకానికి తెలిసింది. చాలామంది పిల్లలను బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. మైకేల్ రట్టర్ అనే మనోవైద్యుడు, ఆయన బృందం ఆ పిల్లలను పెద్దవాళ్లయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. మంచి ఇల్లు దొరికాక ఆ పిల్లలు పుంజుకున్న తీరు చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు. కానీ ఆశ్రమాల్లో ఎక్కువ కాలం గడిపిన పిల్లల్లో కొన్ని ఇబ్బందులు మిగిలాయి. వాటిలో ఒకటి ఇదే, కొత్తా పాతా తేడా లేకుండా ఎవరితోనైనా వెళ్లిపోవడం. ఆ ఆశ్రమాల పరిస్థితి మరీ ఘోరం. మన హోంలను వాటితో కలపకూడదు. కానీ నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. పిల్ల అందరితో కలిసిపోతోందంటే, మీకు దగ్గరైపోయిందని అర్థం కాదు. అలాంటి పిల్లకే ఈ పద్ధతి మరింత అవసరం. ఏదైనా అమ్మానాన్నల చేతి మీదుగానే.

ఇక తిండి దగ్గరికి వద్దాం. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను. ఎందుకంటే బిడ్డ నమ్మకం ముందు మొదలయ్యేది కంచం దగ్గరే. హోం నుంచి వచ్చిన పిల్లలు కొందరు గబగబా తింటారు. కొందరు కడుపు నిండినా ఆపరు. కొందరు బిస్కెట్లు, చపాతీ ముక్కలు దిండు కింద దాచుకుంటారు. దాన్ని దొంగతనం అనొద్దు. పదిమందిలో బతికిన పిల్ల నేర్చుకున్న జాగ్రత్త అది. కోప్పడితే ఇంకా లోపలికి దాస్తుంది. ఒక చిన్న డబ్బా కొనండి. మూత తేలిగ్గా వచ్చేది. అందులో వేరుశెనగ ఉండలు, మరమరాలు, అరటిపండు పెట్టండి. "ఇది నీది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తిను. అయిపోతే నాకు చెప్పు, నింపుతాను" అనండి. తర్వాత మాట ప్రకారం నింపండి. రోజూ నింపండి. మూడోనాడు మర్చిపోవద్దు. డబ్బా ఖాళీ కావడం, అమ్మ నింపడం. మళ్లీ ఖాళీ కావడం, మళ్లీ అమ్మ నింపడం. మీరు వెయ్యిసార్లు "నేను నీ అమ్మను" అన్నా రాని నమ్మకం దానితో వస్తుంది. అల్లరి చేసిందని మాత్రం ఎప్పుడూ అన్నం ఆపొద్దు. స్వీటు ఆపుతానని బెదిరించడం కూడా వద్దు.

తలకు నూనె రాసి జడ వేయడం మన ఇళ్లలో ఉన్న అందమైన అలవాటు. ఈ వారాల్లో దాన్ని వదులుకోకండి. పెద్ద పిల్లలను ముద్దు చేయాలని మనకు ఉంటుంది. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు కొత్త మనిషి ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుపోవచ్చు. కౌగిలి కోసం తొందరపడకండి. "తలకు నూనె రాయనా?" అని అడగండి. వద్దంటే వద్దు. సరేనంటే నెమ్మదిగా రాయండి. ముఖాముఖి చూసుకోనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. పిల్ల వీపు మీ వైపు ఉంటుంది, మీ చేతులు తన తల మీద ఉంటాయి. ఆ సమయంలో పిల్లలు వాళ్లంతట వాళ్లే ఏవో చెప్పడం మొదలుపెడతారు. మగపిల్లాడైతే తండ్రి కూడా ఇదే చేయొచ్చు. లేదా ఇద్దరూ కూర్చుని అష్టాచెమ్మా ఆడొచ్చు. ఎవరి వంతు తర్వాత ఎవరి వంతు అన్నది ఆటలో తెలుస్తుంది. ఓడిపోయినా ఎవరూ లేచి వెళ్లిపోరని కూడా తెలుస్తుంది.

రాత్రిళ్లు కష్టంగా ఉంటాయి. హాలునిండా పిల్లల మధ్య పడుకున్న పిల్లకు మీ ఏసీ గది, ఆ నిశ్శబ్దం భయం పుట్టిస్తాయి. ఈ వారాలన్నీ ఒకే గదిలో పడుకోండి. చిన్న లైటు వేసి ఉంచండి. బాత్రూంకు దారి చూపించి పెట్టండి. పక్క తడిపితే కేకలు వద్దు, ఎవరికీ చెప్పడాలు వద్దు. దుప్పటి మార్చి పడుకోబెట్టండి. ఆ దుప్పటి మార్చే చెయ్యి కూడా మీదే కావాలి.

ఒక చిక్కు భాషతో వస్తుంది. కారా ద్వారా మీకు దక్కిన బిడ్డది ఒడిశా కావచ్చు, మహారాష్ట్ర కావచ్చు. మీకు తెలుగు, ఇంగ్లీషు. బిడ్డకు ఒడియానో మరాఠీనో. అప్పుడు మీరుండేది భువనేశ్వర్‌లోనో నాగ్‌పూర్‌లోనో. ముందు మీరు ఆ బిడ్డ భాష నేర్చుకోండి. ఆకలి, దాహం, నొప్పి, భయం, బాత్రూం, చాలు, వద్దు, నేను ఇక్కడే ఉన్నాను. ఈ మాటలు వస్తే మొదటి వారం గడుస్తుంది. ఇంగ్లీషు అక్కడికి వెళ్లాక ఎలాగూ వస్తుంది, కంగారు లేదు. ఏబీసీడీలు బట్టీ పట్టించే టైము ఇది కాదు. పేరు కూడా మార్చొద్దని నా గట్టి అభిప్రాయం. అన్నీ మారిపోతున్న బిడ్డకు మారకుండా ఉన్నది ఆ పేరొక్కటే.

తేదీల గురించి కూడా చెప్పాలి. పాస్‌పోర్టు రేపొస్తుందంటారు, రాదు. వీసా పై వారం అంటారు, ఆలస్యమవుతుంది. మీరు ఆఫీసుల మీద విసుక్కుంటారు. పిల్ల మాత్రం వేరేలా అర్థం చేసుకుంటుంది. వీళ్లు కూడా నన్ను తీసుకెళ్లరేమో అనుకుంటుంది. అందుకని ఖాయం కాని తేదీ చెప్పకండి. "ఎప్పుడో ఇంకా తెలియలేదు. మనం మాత్రం కలిసే వెళతాం. తేదీ తెలియగానే ముందు నీకే చెబుతాం" అనండి.

చాలామంది తండ్రులకు సెలవు అయిపోతుంది. తల్లిని, బిడ్డను ఇక్కడ ఉంచి ముందుగా వెళ్లాల్సి వస్తుంది. మన ఇళ్లలో ఒక అలవాటుంది. పిల్ల ఏడుస్తుందని, నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్లిపోతాం. దయచేసి ఈ బిడ్డ దగ్గర ఆ పని చేయకండి. ఇదివరకు చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు తన జీవితంలో ఉన్నారు. మెలకువగా ఉన్నప్పుడు చెప్పండి. ఎందుకు వెళుతున్నారో చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీ బనియనో, టీషర్టో ఒకటి వదిలి వెళ్లండి. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయండి. అయిదు నిమిషాలైనా చాలు. ఆ వేళ మాత్రం తప్పకూడదు.

ఇప్పుడు చుట్టాలకు ఇంకో విన్నపం. మనం పిల్లల్ని ఆటపట్టించడానికి అనే మాటలు కొన్నున్నాయి. "నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం" అంటాం. "మాట వినకపోతే హాస్టల్లో పడేస్తాం" అంటాం. "మీ అమ్మను నేను తీసుకెళ్లిపోతా" అని ఏడిపిస్తాం. మన కడుపున పుట్టిన పిల్లలు వాటికి నవ్వుతారు, లేదా కాసేపు ఏడ్చి మర్చిపోతారు. ఈ బిడ్డకు అవి నిజంగా జరిగాయి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ముందే గుమ్మం దగ్గరే చెప్పండి, ఆ హాస్యాలు ఇక్కడ వద్దని. అలాగే, "మీ అసలు అమ్మ గుర్తుందా?", "ఏ ఊరు, ఏ కులం?" అన్న ప్రశ్నలూ వద్దు. ఆ కథ ఆ బిడ్డది. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది.

ఆ కథను తుడిచేయాలని కూడా చూడకండి. వెళ్లేలోపు వీలైతే, హోం వాళ్లు సరేనంటే, ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లి సెలవు చెప్పించండి. ఆయమ్మతో, నేస్తాలతో ఫొటోలు తీయండి. పిల్ల చదివిన బడి దగ్గర, ఆడిన చెట్టు కింద కూడా తీయండి. ఒక ఆల్బం చేసి బిడ్డ చేతికివ్వండి. కొందరు తల్లిదండ్రులు భయపడతారు. మళ్లీ అక్కడికి వెళితే మనసు అటే లాగుతుందని, మన దగ్గర కుదురుకోదని. ఏడుస్తుంది, నిజమే. ఆ ఏడుపును మీ భుజం మీద ఏడవనివ్వండి. బెంగ పడ్డప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో అప్పుడే తెలుస్తుంది.

మొదటి పది పదిహేను రోజులు కొందరు పిల్లలు అతి మంచిగా ఉంటారు. చెప్పినదల్లా వింటారు. నవ్వుతూనే ఉంటారు. తర్వాత ఒకరోజు కంచం విసిరేస్తారు. లేదా "నువ్వు మా అమ్మవి కాదు" అనేస్తారు. అప్పుడు మీ గుండె జారిపోతుంది. ఏదో తప్పు జరిగిందనుకుంటారు. చాలాసార్లు సంగతి వేరు. పంపించేస్తారన్న భయం కొంచెం తగ్గింది కాబట్టే ఆ కోపం బయటికొచ్చింది. గొంతు పెంచకండి. గది విడిచి వెళ్లకండి. "కోపమొచ్చింది నీకు. నేను ఇక్కడే ఉన్నాను" అని పక్కన కూర్చోండి. ఆ రోజు రాత్రి కూడా ఆ తిండి డబ్బా నిండే ఉండాలి.

ఇలా కొన్నాళ్లు గడిచాక చిన్న చిన్న మార్పులు కనిపిస్తాయి. దెబ్బ తగిలితే అంతమందిలో మీకోసమే వెతుకుతుంది. వీధిలో కొత్తవాళ్లు పలకరిస్తే ముందు మీ ముఖం చూస్తుంది. ఏదైనా వద్దనిపిస్తే వద్దని చెబుతుంది. అప్పుడు అమ్మమ్మ వంతు మెల్లగా మొదలుపెట్టొచ్చు. ముందు మీరు పక్కన ఉండగా అమ్మమ్మ కథ చెప్పడం. తర్వాత మీరు, పాప, తాతయ్య ముగ్గురూ కలిసి కూరగాయల బజారుకు వెళ్లడం. అది కూడా ఒక్కొక్కరితోనే, ఒకేసారి అందరితో వద్దు. విమానం ఎక్కేలోపు అక్కడిదాకా రాకపోతే దిగులుపడొద్దు. ఈ పద్ధతి అక్కడ కూడా కొనసాగుతుంది.

అక్కడికి వెళ్లాక రెండేళ్లపాటు మీ ఇంటికి సోషల్ వర్కర్ వస్తారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి నివేదిక మన దేశానికి పంపాలి. ఆ వచ్చేవాళ్ల ముందు అంతా బాగుందని అనేయకండి. ఇక్కడ గడిపిన వారాల్లో ఏం గమనించారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏ మాటకు ఉలిక్కిపడింది. ఇబ్బంది ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పి సాయం అడగండి. వాళ్లున్నది అందుకే.

చివరగా సామాన్ల సంగతి. బిడ్డ ఈ వారాల్లో అన్నం తిన్న కంచం, కప్పుకున్న దుప్పటి, వాడిన సబ్బు, రాసుకున్న నూనె. వీటిని ఇక్కడే వదిలేసి అక్కడ కొత్తవి కొనొద్దు. కూడా తీసుకెళ్లండి. దుప్పటి ఉతక్కుండానే సర్దండి. దానికి ఈ వారాల వాసన ఉంటుంది. ఆ తిండి డబ్బా, ఆల్బం విమానంలో బిడ్డ బ్యాగులోనే ఉండాలి. సీటు మీ ఇద్దరి మధ్య. తండ్రి ముందే వెళ్లిపోయి ఉంటే, కిటికీకీ అమ్మకూ మధ్య. ఎగిరేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టుంటాయని, నిద్ర లేచేసరికి ఇంకా ఆకాశంలోనే ఉంటామని, దిగాక చలిగా ఉంటుందని ముందే చెప్పండి. సూట్‌కేసు సర్దే అమ్మమ్మలకు, నాన్నమ్మలకు ఒక మాట. ఈసారికి ఆవకాయ, కారప్పొడులు రెండు కిలోలు తగ్గించండి. ఆ చోటు పాప కంచానికి, పాప దుప్పటికి ఇవ్వండి.